యాకమ్మ కంట్లో తాలు

వారం రోజుల్లో వచ్చేస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో ఆవకాయ జాడీలకు వాసెన కట్టడం, మామిడిపళ్ళ బుట్టలు ఖాళీ కావడం రెండూ అయిపోయాయి. వరంగల్లులో అంతకాలం ఏం చేశావని అడిగినవాళ్ళకు "పాత స్నేహితుడు వదల్లేదు" అని చెప్పాను. అది అబద్ధం కాదు గాని, నిజంలో చిన్న ముక్క మాత్రమే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళకు ఊళ్ళు కాస్త తెలుస్తాయి. వాడగా మిగిలిన మందు సీసాలు దాచుకునేవాళ్ళకు ఇంకొకటి కూడా తెలుస్తుంది.

నాది చీరాల. నాకు తెలిసిన పని కళ్ళజోళ్ళు చేయడం. దుకాణం ఇప్పుడు మేనల్లుడు చూసుకుంటున్నాడు. పని నేర్చుకున్నది మాత్రం వరంగల్లులో. మా మేనమామ కాజీపేట రైల్వేలో ఉండేవాడు. పదో తరగతి తప్పిన నన్ను తీసుకెళ్ళి చౌరస్తా దగ్గర అద్దాలు అరగదీసే ఉస్తాద్ చేతిలో పెట్టాడు. అక్కడ నాతోపాటు పని నేర్చుకున్నవాడు గౌస్. వాడిది నెక్కొండ. ఉస్తాద్ మమ్మల్ని పేర్లతో కాక ఊళ్ళతో పిలిచేవాడు. ఆయన పోయి ఎన్నేళ్ళయినా మేం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. ఈ వేసవిలో గౌస్ ఫోన్ చేశాడు.

"చీరాలా! ఊళ్ళల్ల కండ్ల క్యాంపులు పెడ్తాన్రు. నేను అద్దాలు బిగియ్య పోతాన. నువ్వు గూడ రారాదు? చచ్చేలోపల ఒక్కసారన్న నీ మొఖం జూస్త."

సంచిలో బట్టలు, చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె సర్దుకున్నాను. వాటితోపాటు ఒక కంటి చుక్కల సీసా కూడా పెట్టాను. కొన్నాళ్ళ కింద నా కంటికి శుక్లం తీశారు. ఆ తర్వాత వేయడానికి డాక్టరు రాసిన మందు అది. ఇక ఆపేయమన్నాక సీసాలో సగం మిగిలింది. ఖరీదైన మందు, పారేయడానికి చేయి రాలేదు.

చౌరస్తా

మా రైలు నెక్కొండ మీదుగానే వచ్చింది గాని అక్కడ ఆగలేదు. కిటికీలోంచి గౌస్ ఊరికి చేయి ఊపి, వరంగల్లులో దిగాను. దిగేటప్పుడు ఒకావిడ భుజాన ఉన్న సంచి కొక్కెం నా చొక్కాకు తగులుకుని రెండో గుండీ తెంపుకుపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి, "చూస్కోని దిగాలె గద అన్నా" అని నన్నే కోప్పడింది. మా వైపు అయితే ముందు "అయ్యయ్యో" అంటారు, తర్వాత కోప్పడతారు. ఇక్కడ మొదటిది ఉండదు. అది నాకు ఒకప్పుడు అలవాటే. ఆ గద్దింపుతో యౌవనం తిరిగొచ్చినట్టయింది.

ఆటో అబ్బాయి మిట్టమధ్యాహ్నం నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు.

"నా కండ్లలకు జూడకుండ్రి సార్. కలకలొచ్చినయ్. అంటుకుంటయ్."

"చూస్తే అంటుకోవు బాబూ. నీ చేతులు, నీ తువ్వాలు ఇంకొకళ్ళకు తగిలితే అంటుకుంటాయి."

"అట్లనా? ఈ మాట జర మా ఇంటామెకు చెప్పకుండ్రి. చూస్తే అంటుకుంటదనే నన్ను అత్తగారింటికి రావద్దన్నది. మూడొద్దులు నిమ్మళంగున్న." కాసేపు నడిపి, అద్దంలోంచి చూశాడు. "మీరు డాక్టరా సార్?"

నేను నవ్వాను. ఆ నవ్వుకు అవునని అర్థం చేసుకున్నాడు. దిగేటప్పుడు మాట్లాడుకున్న దానికంటే ఇరవై రూపాయలు తక్కువ తీసుకున్నాడు. నేను వద్దనలేదు. అతనిచ్చిన చిల్లర పట్టుకున్న చేత్తోనే కన్ను నలుపుకోబోయి ఆగాను.

ఉస్తాద్ దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. గుమ్మం రాయి మాత్రం పాతదే. ఆ రాయి మీద కూర్చుని నేనూ గౌసూ అద్దాల అంచులు సానబట్టేవాళ్ళం. లోపల ఉస్తాద్. ఎవరైనా వచ్చి "డాక్టర్ సాబ్" అన్నారంటే, చేతిలో అద్దం కింద పెట్టేసేవాడు.

"డాక్టర్ సాబ్ సడక్ అవుతల ఉంటడు. నేను అద్దాలు చేసెటోన్ని."

వాళ్ళు సరిగ్గా "అద్దాలాయనా" అని పిలిచేదాకా పని ముట్టుకునేవాడు కాదు. కన్ను ఎర్రగా ఉందని వస్తే బేరం వదులుకుని రోడ్డు దాటించి పంపేవాడు. మేమిద్దరం చాటుగా నవ్వుకునేవాళ్ళం. గర్వం లేని మనిషి అని అప్పుడు అనుకున్నాను. భయం ఉన్న మనిషి అని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను చీరాలలో దుకాణం తెరిచాక జనం డాక్టరు గారూ అంటుంటే ఎప్పుడూ అద్దం కింద పెట్టలేదు.

సాయంత్రం ఎనుమాముల మార్కెట్ వైపు నడిచాను. మిర్చి కాలం చివరికొచ్చినా గాలిలో ఘాటు ఉంది. చపాట మిర్చి అని ఇక్కడొకటి పండుతుంది. బొద్దుగా టమాటాలా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. మా గుంటూరు వైపు దాన్ని మిరపకాయ అంటే ఒప్పుకోరు. బస్తాలు మోసే హమాలీ ఒకాయన కళ్ళు తుడుచుకుంటుంటే, మండితే ఏం చేస్తారని అడిగాను.

"ఏం జేస్తం సార్, ఏడుస్తం. కూలి చేతిలవడ్డంక నవ్వుతం."

నెక్కొండ

మర్నాడు ప్యాసింజర్ బండిలో వెనక్కి వచ్చాను. గౌస్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. గడ్డం తెల్లబడింది, నడుం వంగింది. నన్ను చూసి, "ఏం చీరాలా, నీ జుట్టంత రైల్ల మర్చినవా?" అన్నాడు. నా బట్టతల మీద చేయి వేసి తడిమాడు కూడా.

వాళ్ళింట్లో షహనాజ్ భాభీ సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి, గిన్నె లోపల గోడలకు ఒత్తి, వేళ్ళతో చిల్లులు పొడిచి కాలుస్తారు. ఆ చిల్లుల్లో నూనె నిలిచి అంచులు కరకరలాడతాయి. అన్నంలోకి పచ్చిపులుసు. పొయ్యి ఎక్కని పులుసును చీరాలలో పులుసు అనరని నేను అంటే, "మీ దిక్కు ఎండలు తక్కువనా అన్నా? గీ ఎండకు పొయ్యి కాడ ఎవరు నిలవడ్తరు?" అంది భాభీ. గౌస్ మనవరాలి కంటిరెప్ప మీద చిన్న కురుపు లేచింది. మా అమ్మ అయితే చూపుడువేలు అరచేతిలో రుద్ది, ఆ వేడి రెప్ప మీద తాకించేది. కళ్ళు మండితే నందివర్ధనం పూలు పెట్టేది. భాభీ వేడినీళ్ళలో శుభ్రమైన గుడ్డ ముంచి పిండి ఆ పిల్ల రెప్ప మీద అద్దుతూ, "ఒక్కదానివే దాచుకోని తిన్నవే, గందుకే లేచింది" అని తిడుతోంది. పూలు, తిట్లు మారినా, వెచ్చదనం రెండుచోట్లా ఒకటే. రాత్రి పడుకున్నప్పుడు అమ్మ వేలు గుర్తొచ్చింది.

తాలు

ఆ వారం రోడ్లన్నీ వడ్లవే. యాసంగి కోతలు అయిపోయి తారురోడ్డు సగం మేర వడ్లు ఎండబోశారు. మిగతా సగంలో బస్సులు, బర్రెలు, మేము. కొనుగోలు కేంద్రం ముందు ఎవరి కుప్ప పక్కన వాళ్ళు మంచం వేసుకుని కాంటా వంతు కోసం కాచుకుంటారు. గింజ లేని వట్టి పొట్టును తాలు అంటారు. తాలు ఉంటే తూకంలో కోస్తారు. అందుకని పెద్ద పంకా లాంటి యంత్రం ముందు వడ్లు పోస్తారు. తాలు పొగలా లేచి ఊరంతా తిరుగుతుంది.

నెక్కొండ అవతల ఒక ఊళ్ళో, బడి వరండాలో క్యాంపు. కళ్ళు పరీక్షించేది శిరీష అనే అమ్మాయి. నెక్కొండలోని కంటి కేంద్రంలో పనిచేస్తుంది. పెద్ద జబ్బయితే వరంగల్లు పంపుతుంది, చిన్నవైతే అక్కడే చూస్తుంది. చదువు రానివాళ్ళ కోసం గోడకు మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తులు వేలాడదీసింది. పళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించాలి. మల్లయ్య అనే ముసలాయన చివరి వరస దాకా తడుముకోకుండా చూపించేశాడు.

"నీ కండ్లు మంచిగున్నయ్ తాతా. అద్దాలక్కర్లేదు."

"మా వియ్యంకునికిచ్చి నాకియ్యకపోతే ఇజ్జత్ ఏముంటది బిడ్డా? కండ్లు మంచిగుండుడు నా తప్పా?"

గౌస్ ఎండకు పెట్టుకోమని నల్లద్దాలు ఇచ్చి ఆయన ఇజ్జత్ కాపాడాడు.

వరసలో చాలామంది ఉన్నారు. అప్పుడు ఒకావిడ వరస తప్పించి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. కొంగు నిండా వడ్ల దుమ్ము. ఎడమ కన్ను పూర్తిగా ఎర్రబడి నీరు కారుతోంది.

"డాక్టర్ సాబ్, జర జెప్పన చూడు. నా కాంటా వంతొచ్చింది. ఆ లైన్ల నిలవడితే పొద్దుగూకుతది."

అద్దం కింద పెట్టాల్సిన చోటు అదే. నేను పెట్టలేదు. "ఏదీ, చూడనీ" అని ఆమె రెప్ప కిందికి లాగి, డాక్టర్లు చూసినట్టే చూశాను.

"ఏం పడిందమ్మా?"

"తాలు వడ్డది. మా ఎల్లవ్వ నాలికెతోని తీసింది. తీసినా గరగర పోతలేదు."

కంట్లో నలుసు పడితే నాలుక కొసతో తీసే పెద్దావిడ ఆ ఊళ్ళో ఉందట. మా వైపు పంచె కొసతో తీస్తారు. నేను ముఖం చిట్లించి, "నాలుకతో తీయించుకుంటారా ఎవరైనా!" అని మందలించాను. మందలించి, సంచిలోంచి నా సగం సీసా తీసి రెండు చుక్కలు వేశాను. రోజుకు నాలుగుసార్లు వేసుకోమని సీసా ఆమె చేతిలో పెట్టాను.

"నీ కడుపు సల్లగుండ డాక్టర్ సాబ్. నా పేరు యాకమ్మ. యాదుంచుకో" అని కాంటా వైపు పరిగెత్తింది.

వరండా ఆ చివర గౌస్ కళ్ళజోడుకు మర బిగిస్తూ తల ఎత్తాడు. సాయంత్రం దారిలో, "ఉస్తాద్ ఉంటే ఏమనెటోడు?" అన్నాడు. "ఉస్తాద్ కాలం వేరు" అన్నాను.

మర్నాడు గౌస్ ఇంటికి ఎవరో గంప నిండా తాటిముంజలు తెచ్చి దించారు. యాకమ్మ పంపించిందట. కన్ను తెల్లగయిందట, నొప్పి తగ్గిందట, డాక్టర్ సాబ్‌కు ఇవ్వమందట. అంత లేత ముంజలు నేను చాలా ఏళ్ళుగా తినలేదు. నీళ్ళు గడ్డం మీదుగా కారుతుంటే తిన్నాను.

మేడారం, జాతర లేనప్పుడు

క్యాంపు లేని రోజున బస్సెక్కి మేడారం వెళ్ళాం. ఉస్తాద్ మమ్మల్ని ఒకసారి జాతరకు పంపాడు, ఒక దుప్పటి, దాని నిండా చవక నల్లద్దాలు ఇచ్చి. ఆ రోజుల్లో జనం ఎడ్లబండ్లలో వచ్చేవాళ్ళు. దుమ్ముకు అందరి కళ్ళూ ఎర్రగా ఉండేవి. నేనూ గౌసూ చెరొకటి పెట్టుకుని, "సినిమా అద్దాలు, దుమ్ముకద్దాలు" అని అరిచేవాళ్ళం. అమ్మినదానికంటే మేం పెట్టుకుని తిరిగిందే ఎక్కువ.

ఇప్పుడు ఇద్దరు అమ్మల గద్దెల దగ్గర ఎవరూ లేరు. కోతులు, రెండు మేకలు, బెల్లం దుకాణం ఒకటి. ఇక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కున్నవాళ్ళు తమ ఎత్తు బెల్లం తూయించి అమ్మలకు ఇస్తారు. దుకాణం ఆవిడ చిన్న ముక్క చేతిలో పెట్టి, "అప్పుడు ఎడ్లబండ్లు, గిప్పుడు కార్లు. దుమ్ము మాత్రం గదే సారూ" అంది.

జంపన్న వాగులో పాదాలు తడిసేంతే నీరుంది. గౌస్ అడిగాడు. "అమ్మల కాడ ఏం మొక్కినవ్?"

"ఏమీ మొక్కలేదు. అంతా బాగానే ఉంది కదా."

నిజంగానే అలా అనుకున్నాను. ఆ రోజే యాకమ్మ కన్ను మళ్ళీ ఎర్రబడిందని తర్వాత తెలిసింది.

రఘునాథపల్లి నుంచి వెనక్కి

తర్వాతి క్యాంపు హైదరాబాద్ రోడ్డు మీద, రఘునాథపల్లిలో. లారీ డ్రైవర్ల కోసం పెట్టారు. టీ కొట్టు ముందు కుర్చీ వేసి, టీకి దిగినవాళ్ళను బతిమాలి కూర్చోబెట్టాలి. ఒక డ్రైవరుకు దూరపు చూపు బాగా తగ్గింది. అద్దాలు తీసుకున్నాడు గాని పెట్టుకోకుండా డబ్బాలో పెట్టేశాడు. "ఓనర్ చూస్తే బండియ్యడన్నా. ఊరు దాటినంక పెట్టుకుంట" అన్నాడు. అలాంటివాళ్ళు మా వైపూ ఉన్నారు, అందుకే నవ్వు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో శిరీష ముందు కూర్చుంది, నేనూ గౌసూ వెనక. నేను యాకమ్మ ముంజల సంగతి ఎత్తాను. గొప్పగానే చెప్పాను. శిరీష వెనక్కి తిరిగింది.

"ఏం మందిచ్చిన్రు అంకుల్?"

"శుక్లం ఆపరేషన్ తర్వాత వేస్తారే, అది. తెల్లగా ఉంటుంది."

"ఆమె కంట్ల ఏం వడ్డది?"

"తాలు."

"అది స్టెరాయిడ్ అంకుల్. మంట తగ్గిస్తది, ఎరుపు తగ్గిస్తది. కని పొలంల ఆకో పొట్టో వడితే నల్లగుడ్డు గీసుకపోతది, అండ్ల బూజు వడ్తది. ఈ మందేస్తే ఆ బూజు ఇంక పెరుగుతది. పైకి మంచిగైనట్టే కొడ్తది." తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "ఎర్రకండ్లోళ్ళను లైన్ల నించి ముందు పిలవాలని మాకు చెప్తనే ఉంటరు. నేను గూడ పిలవలె" అంది.

"నయమయింది కదా, ముంజలు కూడా..." అన్నాను.

"ఆమె పేరేంది?"

"యాకమ్మ."

గౌస్ నుదురు కొట్టుకున్నాడు. "ఏ యాకమ్మ?"

చదివేవాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ప్రాంతంలో అన్నారం దర్గా ఉంది. యాకూబ్ బాబా దర్గా. పిల్లలు పుట్టకపోయినా, పుట్టినవాళ్ళు దక్కకపోయినా, హిందువులు ముస్లింలు అందరూ అక్కడ మొక్కుకుంటారు. పుట్టిన పిల్లలకు బాబా పేరు పెడతారు. మగపిల్లాడైతే యాకయ్య, ఆడపిల్లయితే యాకమ్మ. మా వైపు వీధికో సుబ్బారావు ఉన్నట్టు ఇక్కడ వాడకు ఇద్దరు ముగ్గురు యాకమ్మలు. నేను ఆమె ఇంటిపేరు అడగలేదు, వాడ అడగలేదు. శిరీష దగ్గర వరసలో నిలబడి ఉంటే పుస్తకంలో రాసుకునేవాళ్ళు. ఆ వరస తప్పించింది నేనే.

ఏ యాకమ్మ?

తెల్లవారగానే ముగ్గురం ఆ ఊరు వెళ్ళాం. "కంటికి మందు వేసుకున్న యాకమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగిన ప్రతివాళ్ళూ ఒక ఇల్లు చూపించారు.

మొదటి యాకమ్మకు రెప్ప మీద కురుపు. "నా కోసమే వచ్చిన్రా?" అని అరుగు మీద కూర్చుని కళ్ళు మూసింది. ఇంకొక యాకమ్మకు పొయ్యి పొగకు నీరు కారుతోంది. మరొకామె ముసలామె. కన్ను బాగానే ఉంది గాని సూదిలో దారం పోవడం లేదట. ఇంకొకామె మనవణ్ణి ఎత్తుకొచ్చింది. వాడి కళ్ళు పుసికట్టి రెప్పలు అతుక్కున్నాయి. ఎవరి కళ్ళూ మేం వెతికేవి కావు. అయినా శిరీష ప్రతివాళ్ళ దగ్గరా ఆగి టార్చి వేసి చూసింది. కురుపుకు వేడిగుడ్డ కాపడం పెట్టమంది, పిల్లవాడి తువ్వాలు వేరుగా ఉంచమంది, ముసలామెకు దగ్గరి చూపు అద్దాలు రాసింది.

"అమ్మాయ్, ఆలస్యమవుతోంది" అన్నాను. గొంతు పెరిగిందేమో.

"ఇంట్లకు వచ్చి కన్ను జూడకుంట పోతే ఎట్ల పోతరయ్యా?" అంది సూది యాకమ్మ. "ఇంత తొందరున్నోడివి మొన్న పేరు మంచిగ అడగరాదు?"

ఆమెకు అన్నీ తెలిసిపోయాయి. ఊరందరికీ తెలిసిపోయింది.

చివరకు సీసా దొరికింది. మల్లయ్య ఇంటి ముందు మంచం మీద నల్లద్దాలతో పడుకుని ఉన్నాడు. తల దగ్గర గోడగూట్లో నా సీసా.

"తాతా, ఇది నీ దగ్గరికెలా వచ్చింది?" అన్నాను.

"మా యాకమ్మ వదినె ఇచ్చింది. సల్లగుంటయని నేను గూడ రెండు సుక్కలేసుకున్న."

"నీ కండ్లు మంచిగున్నయంటిమి గదనే!" అంది శిరీష, ఏడుపు నవ్వు కలిసిన గొంతుతో.

"మంచిగున్నా మందేస్కుంటే తప్పా? మా వదినె కన్నే మళ్ళ ఎర్రగయింది, మబ్బు మబ్బు కొడ్తాందట. మందు పనిచేస్తలేదని నాకిచ్చి పొద్దుగాల్నే అన్నారం వోయింది, బాబాకు మొక్కుకోను."

సీసా జేబులో వేసుకున్నాను.

అన్నారం

దర్గా ముందు వేపచెట్ల నీడన కుటుంబాలు కుటుంబాలుగా వంటలు చేసుకుంటున్నారు. మటన్ వాసన, ఊదు వాసన కలిసిపోయాయి. తొందరలో నేను "యాకమ్మా!" అని కేక వేశాను. నీడలో ఉన్న ఆడవాళ్ళు ఎంతమంది తల తిప్పారో లెక్కపెట్టలేను. చంకన ఉన్న చిన్నపిల్ల కూడా తిరిగి చూసింది. ఎవరో నవ్వారు. తిరగని తల ఒకటే. గోడకు ఆనుకుని, కొంగు ముద్దచేసి ఎడమ కంటికి అదుముకుని కూర్చుంది.

"డాక్టర్ సాబ్! నువ్వు గూడ మొక్కొచ్చినవా?"

ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "అమ్మా, నేను డాక్టర్ని కాదు."

"మరి?"

"కళ్ళజోళ్ళు చేసేవాణ్ణి. ఆ మందు నా కంటికి రాసింది. నీ కంటికి వేయకూడనిది. నాకు తెలియక వేశాను."

ఆమె ఒంటికన్నుతో నన్ను చూసింది. "తెల్వకపోవుడు సరే. నేను డాక్టర్ సాబ్, డాక్టర్ సాబ్ అంటాంటే నోట్ల ఏం బెట్టుకున్నవ్?"

జేబులో సీసా మీద చేయి వేసుకున్నాను.

"ఉన్నయే రెండు కండ్లు. ఒకటి నీ పెద్దరికానికి వెట్టిన."

శిరీష కొంగు తీయించి టార్చి వేసింది. నల్లగుడ్డు అంచున తెల్లటి చుక్క, ఎండిన అన్నం మెతుకు తుంపలా. ఇప్పుడే వరంగల్లు దవాఖానకు పోవాలంది. యాకమ్మ కదలలేదు.

"మొన్న ఈయన మాట విన్న. ఇయ్యాల మీ మాట ఇనాల్నా? మీరందరు ఒక్కతానోళ్ళే."

"అక్కా, వీని మాట ఇనకు" అన్నాడు గౌస్. "వీడు నాతోని కలిసి పని నేర్చిండు, వీని సంగతి నాకెర్క. ఈ బిడ్డ మాట ఇను. మొన్న నువ్వు ఈమె లైన్ల నిలవడలె, ఇయ్యాల ఈమెనే నీ కాడికి వచ్చింది."

ఆమె చాలాసేపు దర్గా గుమ్మం వైపు చూసింది. తర్వాత లేచి, "మొక్కు తీర్చి వస్త. అప్పటిదాంక ఆటో మాట్లాడుండ్రి" అని లోపలికి వెళ్ళింది. ఆమె బయటికి వచ్చేదాకా గడిచిన సమయం ఈ ప్రయాణంలో అన్నిటికంటే పొడుగైంది.

దవాఖాన వరండా

కంటి దవాఖానలో పెద్ద డాక్టరమ్మ పుండు మీద నుంచి కాస్త గీసి తీసి సూక్ష్మదర్శినిలో చూసింది. బూజే. "ముందు ఏం మందు వాడారు? ఎవరిచ్చారు?" అంది. జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, నేనే అన్నాను. ఆవిడ తిట్టలేదు. సీసా చెత్తబుట్టలో వేసి, చేయి కడుక్కుని, కొత్త మందు రాసింది. గంట గంటకూ చుక్కలు వేయాలి, కన్ను ఉంటుందో లేదో వారం గడిస్తే గాని చెప్పలేనంది.

యాకమ్మ కోడలు సుజాత వచ్చి రాత్రిళ్ళు ఉంది. పగలు ఆమెకు పొలం, పిల్లలు. పగటి చుక్కలు నావి. నా రైలు టికెట్ రద్దు చేయించి, గంట గంటకూ మోగేలా ఫోన్ పెట్టుకున్నాను. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, సీసా మొన రెప్పకు తగలకుండా పట్టుకోవడం నర్సు దగ్గర కొత్తగా నేర్చుకున్నాను. మొదట్లో యాకమ్మ నాతో మాట్లాడేది కాదు. ఫోన్ మోగితే తల వెనక్కి వాల్చేది, అంతే. పక్క మంచం ఆవిడ ఒకరోజు అడిగింది.

"ఈయనెవరు? నీకేమైతడు?"

"ఏంగాడు. నా కన్ను ఖరాబు చేసిన మనిషి."

"మరి సేవ మంచిగనే చేస్తాండు గద!"

"చేయక ఏడికి వోతడు? కన్ను నా కాడ ఉన్నది."

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక బయటికి వెళ్ళి కుళాయి దగ్గర కాసేపు నిలబడ్డాను.

వారం తర్వాత డాక్టరమ్మ పుండు అంచులు ముడుచుకుంటున్నాయంది. మానడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మల్లయ్య కళ్ళు కూడా చూపించాం. ఆయనకేమీ కాలేదు. నిరాశపడ్డాడు.

గుండీ

చీరాలకు బయలుదేరే ముందు రోజు, గౌస్ చేసిన దగ్గరి చూపు అద్దాలు ఇవ్వడానికి ఆ ఊరు వెళ్ళాం. వడ్లు వెళ్ళిపోయి రోడ్డు నల్లగా ఉంది. తొలకరి పడి మట్టి వాసన. నేను వచ్చిన రోజు వేసుకున్న చొక్కానే ఉతికి వేసుకున్నాను.

సూది యాకమ్మకు అద్దాలు సరిచేస్తుంటే మల్లయ్య అరిచాడు. "డాక్టర్ సాబ్ వచ్చిండు, రాండ్రి!"

చేతిలో ఉన్న కళ్ళజోడు కింద పెట్టాను. "డాక్టరు వరంగల్లులో ఉంటారు తాతా. నేను అద్దాలు చేసేవాణ్ణి."

గౌస్ అటు తిరిగి తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

యాకమ్మ తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. నల్లగుడ్డు అంచున ఆవగింజంత తెల్లమచ్చ మిగిలింది. అది పోదు. చూపుకు అడ్డం రాదని డాక్టరమ్మ చెప్పింది గాని, ఆ మాట యాకమ్మ నమ్మలేదు. నాకూ నమ్మకం చిక్కలేదు.

"ఇగో, ఆడనే నిలవడు" అంది నన్ను.

మా మధ్య వాకిలంత దూరం. ఆమె కుడి అరచేత్తో మంచి కన్ను గట్టిగా మూసుకుంది. ఎడమ కన్ను చికిలించి, తల కాస్త అటు, కాస్త ఇటు తిప్పి, నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ఊళ్ళో ఉన్న యాకమ్మలందరూ చూస్తున్నారు.

"నీ అంగికి రెండో గుండీ లేదు."

చేయి గుండె మీదికి పోయింది. నిజమే, లేదు.

ఆమె కంటి మీది చేయి దించింది. "కుట్టిచ్చుకో, అద్దాలాయనా" అని లోపలికి వెళ్ళిపోయింది.